తిల్లానాకు అర్థం లేదన్నదెవరు?

కర్ణాటక సంగీతం వినేవాళ్లకి తిల్లానా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వర్ణం అయిపోయి, కృతులు అయిపోయి, రాగం తానం పల్లవి, తని ఆవర్తనం అన్నీ ముగిశాక, ఒక పదమో జావళో పాడి, మంగళం ఎత్తుకునే ముందు విద్వాంసుడు తిల్లానా అందుకుంటాడు. అప్పటిదాకా బరువుగా కూచున్న సభలో చేతులు వాటంతటవే తాళం వేస్తాయి. నాట్యంలోనూ అంతే. అభినయం అంతా అయ్యాక, కథా బాధా ఏమీ లేకుండా కాళ్లూ చేతులూ మాత్రమే మాట్లాడే అంశం అది. ధీం, తోం, తనన, నాదిర్, దానీ అంటూ సాగిపోతుంది. చివర్లో ఒకటి రెండు పంక్తుల సాహిత్యం, అందులో వాగ్గేయకారుడి ముద్ర.

సభలవాళ్లు అచ్చేసే కరపత్రాల్లో, సంగీత పాఠ్యపుస్తకాల్లో, పత్రికల కచేరీ సమీక్షల్లో తిల్లానా గురించి దాదాపు ఒకే మాట కనిపిస్తుంది. హుషారైన రచన, ఎక్కువ భాగం అర్థం లేని శబ్దాలు. మా పేచీ హుషారుతో కాదు. 'అర్థం లేని' అన్న ముక్కతో.

అర్థం లేదని తేల్చేదెవరు? మామూలుగా ఆ భాష రానివాళ్లు. మా ఇళ్లల్లో అమ్మా నాన్నమ్మా మాట్లాడుకునేది పక్కింటివాళ్లకి 'ఏదో తురకం'. పీర్ల పండుగనాడు అలావా చుట్టూ తిరుగుతూ ఊరు ఊరంతా 'అసోయ్ దూలా' అంటుంది. హసన్, హుసేన్, దూల్హా అన్న మాటలు జనం నోట అరిగి అరిగి ఆ రూపానికి వచ్చాయని తెలియనివాళ్లకి అది ఉత్త కేక. తెలిసినవాళ్లకి కర్బలా. అరబ్బీ రాని మా సాయిబులు ఐదు పూటలా అల్‌హమ్దు సూరా చదువుతారు. సంస్కృతం రాని ఇళ్లల్లో శుభకార్యానికి మంత్రపుష్పం చదివిస్తారు. వాటిని అర్థం లేని శబ్దాలని ఏ పాఠ్యపుస్తకమూ రాయదు. రాయకూడదు కూడా. మరి తిల్లానా దగ్గరకొచ్చేసరికి ఆ తీర్పు అంత తేలిగ్గా ఎట్లా వస్తుంది?

తిల్లానా అన్న పేరు తరానా నుంచి వచ్చిందని హిందుస్తానీ సంగీత చరిత్ర రాసినవాళ్లు చాలామంది చెప్పారు. తరానా మాకు కచేరీల్లో విన్న మాట కాదు, బడిలో విన్న మాట. ఉర్దూ మీడియం బడుల్లో పొద్దున్నే పిల్లల్ని నిలబెట్టి పాడించే జనగణమన 'ఖౌమీ తరానా'. ఇక్బాల్ 1904లో రాసిన దేశభక్తి గీతానికి 'తరానా-ఎ-హిందీ' అని పేరు. ఫారసీలో తరానా అంటే పాట. పాత ఫారసీ ఛందస్సు రాసినవాళ్లు రుబాయిని కూడా తరానా అన్నారు, ముఖ్యంగా గొంతెత్తి పాడే రుబాయిని. మాటకి మూలం 'తర్' అంటారు నిఘంటుకారులు. తర్ అంటే తడి, లేత, తాజా. సాలన్ మీద తేలే నూనెని మా ఇళ్లల్లో తరీ అంటాం. ఎండన పడి వచ్చినవాడికి ఒక గ్లాసు షర్బత్ ఇస్తే తరావట్ వచ్చిందంటాడు. సంస్కృతంలోని 'తరుణ' శబ్దానికీ దీనికీ పాత చుట్టరికం ఉందని చెప్పే భాషావేత్తలు ఉన్నారు. అంటే సమీక్షకులు మెచ్చుకునే ఆ హుషారు, ఆ లేతదనం, పేరులోనే ఉంది. పేరుకే అర్థం ఉన్నప్పుడు లోపలి శబ్దాల గతి ఏమిటో తర్వాత చూద్దాం.

తరానా తిల్లానా ఎట్లా అయిందంటే, నోరు తిరిగినట్టు అయింది. ర, ల లకి భేదం లేదని సంస్కృత పండితులే ఒక సూత్రం చెబుతారు. పేరొక్కటే కాదు, రెండింటి ఒడ్డూ పొడవూ కూడా కలుస్తాయి. తరానాలో స్థాయి, అంతరా. తిల్లానాలో పల్లవి, అనుపల్లవి, చరణం. తరానా అంతరాలో చాలాసార్లు ఒక ఫారసీ షేర్ ఇముడుతుంది. తిల్లానా చరణంలో తెలుగో సంస్కృతమో తమిళమో సాహిత్యం ఇముడుతుంది. మొదట శబ్దాలు, తర్వాత ఒక చిన్న మాట, మళ్లీ శబ్దాలు. అదే బండి, అదే బాట. ఖవ్వాలీ మెహఫిల్‌లో ఖౌల్ పాడేటప్పుడు విన్నవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. ప్రవక్త మాట పాడుతూ పాడుతూ ఖవ్వాలు మధ్యలో ఇవే 'తనన', 'దానీ'లలోకి జారిపోతాడు. దర్గా అరుగు మీద పాడేదీ సభ వేదిక మీద పాడేదీ ఎంత దగ్గరివో వినడానికి ఒక్క చెవి చాలు.

దీనికి ఎదురుగా ఇంకో వివరణ ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో సంగీతశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ పి. సాంబమూర్తి, తి, ల, న అనే లయాక్షరాల కూర్పే తిల్లానా అన్నారు. సాంబమూర్తి చిన్నవాడు కాదు. దక్షిణాదిలో సంగీతం పరీక్షలు రాసిన రెండు మూడు తరాలు ఆయన పుస్తకాలే బట్టీ పట్టాయి. అందువల్లనే ఆ వివరణ అన్ని కరపత్రాల్లోకీ పాకింది. కానీ అందులో ఒక ఇబ్బంది ఉంది. తిల్లానాల్లో వినపడే శబ్దాలు డజన్లున్నాయి. వాటిలో ధీం, తోం, తనన, నాదిర్‌లదే జోరు. వాటిని వదిలి సరిగ్గా తి, ల, న అనే మూడింటినే ఏరి పేరు పెట్టడానికి కారణం ఏమిటో ఆ వివరణ చెప్పదు. పక్కనే తరానా అనే పేరుతో, అదే నిర్మాణంతో, అవే శబ్దాలతో ఇంకొక రూపం ఉన్న సంగతిని కూడా పట్టించుకోదు. ఇది దురుద్దేశం అని మేం అనం. ఇంటి గడప లోపలే జవాబు వెతకడం పండితులకి అలవాటు. ఆ అలవాటుకి గడప బయట ఉన్నవాళ్లు మూల్యం చెల్లిస్తారు.

ఇంకా వెనక్కి వెళ్లేవాళ్లున్నారు. భరతుడి నాట్యశాస్త్రంలోనే నిర్గీతం ఉంది, శుష్కాక్షరాలతో పాడేది, తిల్లానా దాని సంతానం అంటారు. సరే, నాట్యశాస్త్రమే తెరుద్దాం. అయిదో అధ్యాయంలో నిర్గీతం గురించి ఒక కథ ఉంది. నారదుడు మొదలైనవాళ్లు నిర్గీతం వినిపిస్తే దైత్యులకీ రాక్షసులకీ అది తెగ నచ్చుతుంది. దేవతలకి కోపం వస్తుంది. వాళ్లకి నచ్చింది మాకెందుకు, ఆపేయమంటారు. నారదుడు ఆపడు. సర్దుబాటు చేస్తాడు. దేవతల మర్యాద కోసం దానికి బహిర్గీతం అని పేరు పెడతారు. బయటి పాట! తిల్లానాని ఫారసీ మరక లేకుండా కడిగి భరతుడి దగ్గరికి చేర్చాలనుకున్న పెద్దలు ఈ కథ దాకా చదివినట్టు లేదు. మాటల్లేని పాట ఆ శాస్త్రంలో కూడా అవతలివాళ్లకి ఇష్టమైన పాటే. ఆ చిరునామా ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు, ఆ వీధి మాకు అలవాటే.

ఇప్పుడు మావాళ్ల సంగతి. తరానాని అమీర్ ఖుస్రో (1253–1325) సృష్టించాడని పరంపరగా చెప్పుకుంటాం. సంగీత పండితుడు ఠాకూర్ జైదేవ్ సింగ్ ఆ మాటకి గట్టి దన్ను ఇచ్చారు. నిర్గీతంలో పరుషాక్షరాలు ఎక్కువ, ఖుస్రో వాటి స్థానంలో మెత్తని ఫారసీ మాటలు పెట్టి వాటికి భావం వచ్చేట్టు కూర్చాడు, తర్వాతివాళ్లకి ఆ విద్య పట్టుబడక తరానా మళ్లీ ఉత్త శబ్దాలైపోయింది, తిల్లానా అన్నది తరానాకే మారిన రూపం. ఇదీ ఆయన వాదం. ఇందోర్ ఘరానా గాయకుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ (1912–1974) ఇంకా ముందుకెళ్లారు. శబ్దాలన్నిటికీ సూఫీ అర్థాలు చెప్పారు. 'దర్ ఆ' అంటే లోపలికి రా. 'తన్' అంటే దేహం. 'నాదిర్ దానీ' అంటే అందరికన్నా ఎక్కువ తెలిసినవాడివి నువ్వే. 'తోం' అంటే నేనే నువ్వు. 'యలలీ' అంటే అల్లాని, అలీని పిలవడం. ఆయన పాడిన తరానాలు వింటే ఇది నమ్మాలనిపిస్తుంది. అంత నిదానంగా, జిక్ర్ చేస్తున్నట్టు పాడతారు.

అయినా మేం పూర్తిగా నమ్మం. ఖుస్రో పేరుమీద మనవాళ్లు సితార్, తబలా, ఖయాల్ అన్నీ రాసేశారు. ఆయన రచనల్లో వాటికి ఆధారాలు లేవని చరిత్రకారులు చెబుతూనే ఉన్నారు. తరానా కథ కూడా పరంపర చెప్పే మాటే, పత్రం ఉన్న మాట కాదు. ఇక అర్థాల సంగతి. దర్ ఆ, తన్, దానీ అన్నవి ఫారసీ వచ్చిన ఎవరికైనా వినపడే మాటలే, అందులో సందేహం లేదు. కానీ ధీం, తోం అన్నవి మృదంగం, వీణ పలికే పలుకులు కూడా. తోంలో 'నేనే నువ్వు' అని వినడం భక్తుడి చెవి చేసే పని. అది తప్పు కాదు, చరిత్ర కూడా కాదు. తిల్లానా ఒంట్లో రెండు రక్తాలున్నాయని మా అభిప్రాయం. సగం ఫారసీ మాటలు అరిగినవి. సగం మద్దెల మీద చేతివేళ్లు పలికినవి. ఏ శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో ఇవాళ విడదీయలేం. విడదీయలేం గనక ఒక వైపు పేరు కొట్టేద్దామంటే ఒప్పుకోం.

మరి తెలుగువాళ్లకి ఇందులో ఏం పని? చాలా పని ఉంది. తిల్లానా దక్షిణాదిన రూపం దిద్దుకున్న చోట రాజుల ఇంటి భాష మరాఠీ, పాటల భాష తెలుగు. తంజావూరు మరాఠా రాజుల కొలువు అది (1676–1855). ఉత్తరాది గాయకులు, దక్షిణాది విద్వాంసులు, నట్టువనార్లు, తెలుగు కవులు ఒకే కొలువులో జీతాలు తీసుకున్నారు. తిల్లానా తొలి రచయితల్లో ముందు చెప్పుకునే పేరు మేలట్టూరు వీరభద్రయ్య. ప్రతాపసింహుడి కాలం (1739–1763) వాడు. తమిళ గడ్డ మీద తెలుగు యక్షగానాలాడే ఊరి మనిషి. ఆయన పేరుమీదే ఒక ప్రసిద్ధమైన స్వరజతి కూడా చెప్పుకుంటారు. అది ఏ రాగంలో ఉంది? హుసేనిలో! పీర్ల పండుగలో ఊరు పిలిచే పేరే, కచేరీలో రాగమై కూచుంది.

ఒక్క హుసేని అయితే కాకతాళీయం అనుకోవచ్చు. పసిపిల్లల్ని నిద్రపుచ్చే లాలిపాటలకి వాడే నవరోజు రాగం పేరు ఎక్కడిది? ఇరానీయుల కొత్త సంవత్సరం పండుగ నౌరోజ్ నుంచి. హెజ్జజ్జి పేరులో హిజాజ్ ఉంది, మక్కా మదీనాలున్న నేల. ఆ హెజ్జజ్జిని 1550లో స్వరమేళకళానిధి రాసిన రామామాత్యుడు అప్పటికే మేళాల్లో లెక్కపెట్టాడు. విజయనగరం కొలువులో ఉన్న తెలుగువాడు ఆయన. అంతకు మూడు వందల ఏళ్ల ముందే దేవగిరిలో శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో తురుష్క తోడి, తురుష్క గౌడ అని రాసుకున్నాడు. దాచలేదు, సిగ్గుపడలేదు. ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో పేరులోనే పెట్టాడు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని కూడా ఈ పేర్లన్నిటినీ తెలుగు లిపిలోనే పదిలంగా ఉంచింది. తంజావూరు సోదరులు నలుగురు 19వ శతాబ్దం మొదట్లో నాట్య కచేరీకి ఒక వరస కట్టారు. అలరింపు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, జావళి, చివర తిల్లానా. ఆ వరసలోని తెలుగు శబ్దాల ముగింపులో నర్తకి రాజుకో దేవుడికో 'సలాము' చెబుతుంది. దేవుడికి సలాము చెప్పిన నోటికి అప్పుడు మైల అంటలేదు. చివరికి కచేరీ అన్న మాట కూడా దివాణాల, కలెక్టరాఫీసుల మాటే గదా.

పాతకాలం పండితులు పేరు దాచలేదు. దాచడం కొత్త జబ్బు. సంగీతాన్ని సభల్లోకి, విశ్వవిద్యాలయాల్లోకి తెచ్చి 'శాస్త్రీయం' అని ముద్ర వేసిన ఇరవయ్యో శతాబ్దంలో ఆ జబ్బు ముదిరింది. హిందుస్తానీ సంగీతం తురకలతో కలిసి కల్తీ అయింది, మనది స్వచ్ఛంగా మిగిలింది అన్న మాట అప్పుడు వాడుకలోకి వచ్చింది. దేవదాసీల చేతిలోంచి నాట్యాన్ని తీసుకున్నదీ ఆ రోజుల్లోనే. ఒకరి చేతిలోంచి కళ తీసుకోవడం, ఇంకొకరి పేరు మాటలోంచి తీసెయ్యడం, రెండూ ఒకే ఇంట్లో జరిగిన పనులు. ఇదంతా తలుచుకుంటే అచ్చతెనుగు సంగతి నవ్వొస్తుంది. సంస్కృతం కూడా కలవని తొలి అచ్చతెనుగు కావ్యం, పొన్నెగంటి తెలగన్న యయాతి చరిత్ర. దాన్ని అంకితం తీసుకున్నది కుతుబ్‌షాహీల కాలపు అమీన్ ఖాన్. శుద్ధిని కూడా మావాళ్లే పోషించారు!

సికింద్రాబాద్‌లో ఒక సభ ముగిశాక మోండా మార్కెట్ పక్కన ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మేం ఈ మాటే ఎత్తితే, మాతో వచ్చిన లౌకికవాద మిత్రుడు ఒకాయన చిరాకుపడ్డారు. సంగీతానికి మతమేమిటండీ, తిల్లానా ఎక్కడి నుంచి వస్తే ఏం, వినడానికి బాగుంది, అది చాలదా అన్నారు. మంచి మనిషి. 1992 డిసెంబర్ 6 తర్వాత మా వెంట ఊరేగింపుల్లో నడిచిన మనిషి. అందుకే ఆయన మాటని కొట్టిపారెయ్యకుండా ఆలోచించాం. సంగీతానికి మతం లేదన్న మాట ఎప్పుడు వినిపిస్తుందో గమనించాలి. త్యాగరాజు రామభక్తి గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చినప్పుడు ఎవరూ ఆ మాట అనరు. నాదోపాసన, వేదమూలం, సామగానం అన్నప్పుడు అనరు. తరానా, ఖుస్రో, ఫారసీ అనేసరికి సంగీతానికి హఠాత్తుగా మతం లేకుండా పోతుంది. మతం లేకపోవడం ఎప్పుడూ మా వాటాలోంచే ఎందుకు తగ్గాలి?

ఆ హోటల్ బయటే జవాబు ఉంది. మోండా అన్న పేరు తెలుగు చెవికి మొండెంగానో మొండిగానో వినిపిస్తుంది. కానీ మరాఠ్వాడాకి వెళ్తే నాందేడ్‌లో, పర్భణీలో ధాన్యం బజారుని మోంఢా అంటారు. ఆ జిల్లాలు 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నవే. మోండాకి ఆ మాటే మూలమని మా నమ్మకం. మోండాలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దాన్ని తెలుగు మాటగా వాడుకుంటున్నారు. నష్టం ఏమీ జరగలేదు. రెండడుగులు వేస్తే ఉజ్జయినీ మహంకాళి గుడి. ఆషాఢంలో అక్కడ జరిగేది లష్కర్ బోనాలు. లష్కర్ అంటే సైన్యం, ఫారసీ మాట. నిజాం సికందర్ జా పేరుతో 1806లో ఈ ఊరికి సికింద్రాబాద్ అని పేరొచ్చినా, ఇంగ్లీషు పటాలం దిగిన చోటు గనక జనం లష్కర్ అన్నారు. అమ్మవారి పండుగ ముందు ఫారసీ మాట పెట్టి బోనమెత్తే ఆడవాళ్లెవరికీ అది అర్థం లేని శబ్దంగా తోచలేదు. కూరగాయల బుట్టల మధ్య వినపడే మాటలు చూడండి. తరాజు, హమాలీ, దలాలీ, ఖరీదు, రసీదు. పూలు అమ్మే అవ్వ తెలుగులో ధర చెప్పి, దక్కనీలో బేరమాడి, కంటోన్మెంట్ నుంచి వచ్చిన అరవ అమ్మతో అరవంలో నవ్వుతుంది. ఆమె ఏ మాటకీ మతం లేదని చెప్పదు. ఏ మాటకీ పుట్టుక సర్టిఫికెట్ అడగదు. మాట ఎక్కడిదని అడిగితే మాత్రం, తురకోళ్ల మాట బిడ్డా, అని చెప్పేస్తుంది. దాచదు. శార్ఙ్గదేవుడిలాగే.

మా మిత్రుడితో చెప్పింది అదే. తిల్లానా మాదని మేం దావా వెయ్యడం లేదు. నిర్గీతం పేరు చెప్పండి, తి ల న అని చెప్పండి, వాటి పక్కన తరానా అన్న ఒక్క ముక్క కూడా రాయండి. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అయితే మా ఇంట్లోనూ గోల తక్కువేం లేదు. సంగీతం హరాం అనేవాళ్లు ఒక పక్క. వాళ్లకి తరానా మూలం తెలిస్తే సంతోషించరు, తౌబా చేస్తారు. ఖవ్వాలులు, సారంగీలు, తబలాలు, ఘరానాలు అన్నీ వాళ్ల దృష్టిలో దారి తప్పిన చరిత్ర. ఇంకో పక్క మన కొలువుల ఘనత చెప్పుకునేవాళ్లు. ఢిల్లీ ఖవ్వాల్ బచ్చోఁ పరంపరకి చెందిన తాన్‌రస్ ఖాన్, 1857 తర్వాత ఢిల్లీ వదిలి చివరికి హైదరాబాద్ చేరి ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. నిజమే, గర్వపడదగ్గ సంగతే. కానీ మేం మీకు తరానా ఇచ్చాం, ఖయాల్ ఇచ్చాం, బిర్యానీ ఇచ్చాం అనే ధోరణిలో జాగీర్దారు గొంతు వినపడుతుంది. ఇచ్చింది ఎవరు? నిజాం ఇచ్చాడా, నవాబు ఇచ్చాడా? కోట లోపల ఉర్దూలో షాయరీ చెప్పుకున్నవాళ్ల వారసత్వంలో, ఊళ్లల్లో దూది ఏకిన, గాజులు అమ్మిన, తెలుగు తప్ప రాని సాయిబుకి వాటా ఎంత? తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా అన్న సామెతని హిందువులు మాత్రమే వాడలేదు. మా షరీఫులు కూడా నవ్వుతూ వాడారు.

ఆ దూదేకుల ఇళ్లల్లోంచే సన్నాయి వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాల్లో ఎక్కువమంది వాళ్లే. గుడిలో సుప్రభాతం వేళ, ఊరేగింపులో, పెళ్లిలో తాళి కట్టే క్షణంలో వాయించేది వాళ్లు. చిలకలూరిపేట ఆదం సాహెబు వంటి గురువులు, ఆయన దగ్గర నేర్చుకున్న కరవది షేక్ చినమౌలానా (1924–1999). చినమౌలానా తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి గుడిలో వాయించాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల ఇంటి భాష తెలుగు. వాయించేది త్యాగరాజ కృతులు. అయినా వీళ్ల గురించి రాసిన ప్రతి వ్యాసం మొదటి పేరాలో 'ముస్లిం అయినా' అని ఉంటుంది. తిల్లానా విషయంలో మా పేరు ఉండకూడదు, సన్నాయి విషయంలో మా పేరు తప్ప ఇంకేం కనపడకూడదు. శబ్దానికి మతం లేదు, శబ్దం చేసేవాడికి మాత్రం మతం ఉంది.

నిజానికి సన్నాయి అన్న తెలుగు మాట కూడా షెహనాయ్ చుట్టమే. అది అట్లా ఉంచితే, నాదస్వరం మీద తిల్లానా వాయించినప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. గొడవ పడుతున్న ఆ శబ్దాలన్నీ మాయమవుతాయి. నాదిర్ ఉండదు, దానీ ఉండదు, తి ల న ఉండదు. డోలు దెబ్బ, రాగం, పరుగు. కానీ శబ్దాలు ఎక్కడికీ పోలేదు. సీవాళి వెనక, నోట్లో, వాయించేవాడి నాలుక ఒక్కొక్క స్వరాన్నీ 'తు, తు' అని కొట్టి విడదీస్తూనే ఉంటుంది. దాన్నే తుత్తుకారం అంటారు. ఏళ్ల తరబడి సాధన చేస్తే గానీ అది రాదు. తిల్లానా వేగంలో నాలుక తడబడితే రచన అంతా ముద్దైపోతుంది. ఆ నాలుక ఏ శబ్దాన్ని తలుచుకుని కదులుతుందో, గురువు ఏ పలుకులతో నేర్పాడో, చరణం దగ్గర సాహిత్యం మనసులో చెప్పుకుంటారో లేదో, సంగీతం గురించి రాసేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. వాయిద్యం ఒళ్లో పెట్టుకుని కూచున్న పెద్దాయన దగ్గరికి టేప్ రికార్డర్లు, కెమెరాలు పట్టుకుని వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. మీరు ముస్లిం కదా, గుళ్లో వాయించడానికి మీవాళ్లు ఒప్పుకుంటారా?